మిలిటరొచ్చిన యేడు

మార్చి 29 వచ్చిందంటే 'లవకుశ' విడుదలైన రోజని సినీ అభిమానులు గుర్తు చేసుకుంటారు. 1963లో ఆ తేదీన తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం తెర మీదికి వచ్చింది. మార్చి 27 'మాయాబజార్'ది, 1957. మార్చి 15 'పాతాళభైరవి'ది, 1951. పత్రికల్లో 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక కింద, చేతిలోని ఫోనులో ఈ తేదీలు ఏటా తప్పకుండా కనిపిస్తాయి. నల్లగొండలోనో పాలమూరులోనో ఎనభై దాటిన పెద్దమనిషిని 'లవకుశ' ఎప్పుడు చూశారని అడిగితే మాత్రం మార్చి మాటే రాదు. పీర్ల పండుగ పోయినంక అంటారు. కందులు కొట్టి కల్లంల పోసిన దినాలంటారు. ఏ ఊళ్లో చూశారో, ఎవరి బండి కట్టుకొని పోయారో, దారిలో ఏ వాగు దాటారో చెబుతారు. తేదీ ఒక్కటే చెప్పరు. అది వాళ్లకు ఎన్నడూ అక్కరపడలేదు.

ఆ కాలంలో సినిమాకు తీసే ప్రింట్లు తక్కువ. హైదరాబాదు, విజయవాడ వంటి పట్నాల్లో వారాల కొద్దీ ఆడిన ప్రింటే జిల్లా కేంద్రానికి, అక్కణ్నించి తాలూకా కేంద్రానికి, చివరికి గీతలు పడి, అతుకులు పడి టూరింగు టాకీసుకు చేరేది. దేవరకొండకో కల్వకుర్తికో అచ్చంపేటకో బొమ్మ వచ్చేసరికి నెలలు గడిచేవి. కొన్నిటికి ఏళ్లు పట్టేది. పట్నంలో శతదినోత్సవం ముగిసి, అక్కడివాళ్లు మరిచిపోతున్న వేళకు ఇక్కడ అది కొత్త బొమ్మ. విడుదల తేదీ పట్నానిది. ఊరికి ఊరి విడుదల వేరే ఉండేది.

వానలు వెనకబట్టి, జొన్న, ఆముదం, పల్లి చేతికొచ్చే వేళకు గుడారం లేచేది. చేతిలో నాలుగు పైసలాడే కాలం అదే, రాత్రి ఆరుబయట కూర్చోగలిగే కాలమూ అదే. పగలు వెలుతురుకు తెర మీద బొమ్మ ఆనదు కనుక పొద్దుగూకాకే ఆట. సాయంత్రం మైకులో ఘంటసాల భక్తి పాట మొదలైతే చుట్టుపక్కల ఊళ్లకు అదే కబురు: పొయ్యి మీది కుండ దించి బయలుదేరాలి. నేల టికెట్టు వాళ్లు ఇసుక కుప్పగా చేసుకొని దాని మీద కూర్చునేవారు, ముందువాళ్ల తలలు అడ్డం రాకుండా. వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. ఆడవాళ్లకొక పక్క, మగవాళ్లకొక పక్క. ఒక్కటే మిషను ఉండటంతో రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆ కాసేపట్లోనే జరిగిన కథ మీద చర్చ, రాబోయే కథ మీద పందెం. మృగశిర కార్తె దగ్గరపడితే గుడారం విప్పి బండ్లకెత్తేవారు. ఏ బొమ్మ ఏ పండుగకు వచ్చిందో, ఏ పంట మీద వచ్చిందో ఊరికి అలా గుర్తుండిపోయేది.

ఆ తెర మీద కనిపించినవాళ్లలో ఈ నేల మనుషులూ ఉన్నారు. 1923 నవంబరు 16న కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు 1953లో 'ప్రతిజ్ఞ'తో కథానాయకుడయ్యారు. జానపద చిత్రాల్లో కత్తి తిప్పి 'కత్తి కాంతారావు' అనిపించుకున్నారు. 'లవకుశ'లో లక్ష్మణుడు ఆయనే. నారదుడి వేషం ఎన్నిసార్లు కట్టారో లెక్క చెప్పడం కష్టం. తుంగతుర్తిలో పుట్టి, వైద్యం చదివి, నటుడైన ఎం.ప్రభాకర్ రెడ్డిదీ ఉమ్మడి నల్లగొండ జిల్లాయే. సూర్యాపేట, కోదాడ పక్క ఊళ్లలో కాంతారావు బొమ్మ ఆడితే 'మనోడు' అన్న మాట ముందు వినపడేది, పేరు తర్వాత. 2023లో ఆయన పుట్టి నూరేళ్లయింది. ఆ నవంబరు 16 గుర్తుంచుకొని మాట్లాడుకున్న ఊళ్లు ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

అసలు ఈ మెట్ట ప్రాంతపు పల్లె ఒక్క క్యాలెండరుతో బతకలేదు. నాలుగైదు లెక్కలు ఒకేసారి నడిచేవి. పెళ్లికీ తద్దినానికీ పంచాంగం చెప్పే తిథి. దుక్కికీ విత్తుకీ కార్తె: రోహిణి ఎండలు, మృగశిర వాన, ఆరుద్ర తడి, ఇలా ఇరవై ఏడు. పీర్లను లేపడానికి హిజ్రీ నెల మొహర్రం. అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, కొన్నేళ్లు వానాకాలంలో, కొన్నేళ్లు ఎండాకాలంలో వచ్చేది. అయినా ఊళ్లో హిందువు, ముస్లిము అనకుండా అందరికీ ఆ లెక్క తెలిసే ఉండేది. అలాయి గుండం తవ్వే రోజు ఎవరూ ఎవరినీ అడిగే పని ఉండేది కాదు.

వీటన్నిటికీ తోడు సర్కారుది ఫసలీ. నిజాం రాజ్యంలో పట్వారీ రాసే పహాణీ, శిస్తు రశీదు అన్నీ ఫసలీలోనే. పంట లెక్క కోసం పుట్టిన సంవత్సరం అది. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే ఇంచుమించు ఫసలీ వస్తుంది. అక్టోబరు మొదటి వారంలో ఆజూర్‌తో మొదలై దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ ఆబాన్‌తో ముగిసే నెలలు, ఇరాన్ సౌరమానం నుంచి వచ్చిన పేర్లు. పాత దస్తావేజులు విప్పితే అవే కనిపిస్తాయి. ఉర్దూ లిపి చదవలేని రైతు కూడా తన భూమి ఏ ఫసలీలో పట్టా అయిందో నోటితో చెప్పేవాడు. తన పుట్టిన రోజు చెప్పలేకపోయినా అది చెప్పేవాడు. ఇంగ్లీషు తేదీ బడిలో, పోస్టాఫీసులో, కచేరీలో ఉండేది. ఇంటికి రావడానికి దానికి చాలా కాలం పట్టింది.

మనుషుల వయసు మాత్రం ఈ లెక్కలేవీ కాకుండా ఊరి మీద పడ్డ కష్టాలతో కొలిచేవారు. గత్తర (కలరా) వచ్చిన యేడు, కరువొచ్చిన యేడు, చెరువు తెగిన యేడు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన మూసీ ఆ నగరంతో ఆగేది కాదు. నల్లగొండ జిల్లా మీదుగా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దాని ఒడ్డు ఊళ్లలో ఒక తరానికి మూసీ పొంగిన యేడే కొలమానం. పింఛను రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగికీ ఇంటి ముసలమ్మకూ మధ్య మొన్న మొన్నటి దాకా ఇలాంటి మాటలే నడిచేవి:

"నీ వయసెంత అవ్వా?"

"నాకేమెరుక బిడ్డా. మిలిటరొచ్చిన యేడు మా చెల్లె సంకల ఉండె. నాకు దాన్నెత్తుకునే వయసుండె."

మిలిటరీ వచ్చిన యేడంటే 1948. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది. తూర్పు నుంచి వచ్చిన దళం బెజవాడ, హైదరాబాదు బాట పట్టింది. అంటే కోదాడ, మునగాల, సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల. నల్లగొండ జిల్లాను నిలువునా చీల్చుకొని పోయే బాట అది. వెనక్కి తగ్గుతున్న నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చింది. అయినా రోజుల్లోనే అంతా ముగిసింది. 17న నిజాం లొంగుబాటు రేడియోలో వినిపించింది. అయితే ఊళ్లలో రేడియో ఎక్కడిది? బాట మీది ఊళ్లకు కబురు లారీల దుమ్ముతో వచ్చింది. లోపలి ఊళ్లకు సంతకు పోయి వచ్చినవాళ్ల నోట రెండు మూడు రోజుల తర్వాత చేరింది. అది సర్వధారి నామ సంవత్సరం భాద్రపద మాసం, వినాయక చవితి వెళ్లిన పక్షమే. మరో పదిహేను రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ. అందుకే పాతవాళ్లకు అది సెప్టెంబరు 17గా కాక, ఆ యేటి బతుకమ్మకు ముందటి దినాలుగా గుర్తు.

ఇప్పుడు ఆ తేదీకి ఎన్ని పేర్లో. ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. 2022 నుంచి కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఒక పేరుతో జెండా ఎగరేస్తున్నాయి. పల్లె జ్ఞాపకంలో ఈ తగాదా లేదు. అక్కడ ఆ రోజులు రెండు ముక్కలుగా ఉన్నాయి: రజాకార్ల గడ్‌బడ్, మిలిటరీ కాలం. రెండోది వారంలో అయిపోలేదు. దున్నేవాడికి భూమి కోసం లేచిన రైతుల మీద సైన్యం, పోలీసు క్యాంపులు నల్లగొండ ఊళ్లలో ఆ తర్వాత మూడేళ్లు ఉన్నాయి. 1951 అక్టోబరు 21న సాయుధ పోరాటాన్ని విరమించారు. అప్పుడు గానీ రాత్రి తలుపు గడియ వేయకుండా పడుకోలేదని చెప్పే ఇళ్లున్నాయి. సెప్టెంబరు 17ను మాత్రమే చెప్పి అక్టోబరు 21ని వదిలేసే చరిత్ర ఈ జిల్లాకు సరిపోదు.

ఆ పోరాటపు తొలి రోజు కూడా అంతే. 1946 జూలై 4, అప్పట్లో నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకా కడవెండి. విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తూటాలకు దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. వ్యయ నామ సంవత్సరం, ఆషాఢం తొలి పక్షం, తొలి ఏకాదశికి ముందు. దుక్కులు సాగుతుండగా జరిగిన చావు. ఇవాళ ప్రభుత్వమే ఆయన వర్ధంతి జరుపుతోంది, దండలు వేస్తోంది. అది సంతోషమే. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆయన్ను బతికించింది మాత్రం పాట. పోరాట కాలపు కవులు కొత్త బాణీలు వెతుక్కోలేదు. ఊరికి తెలిసిన ఉయ్యాల, కోలాటం, గొల్లసుద్దులనే పట్టుకున్నారు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు చెబితే, గొంగడి భుజాన వేసుకున్న కథకుడి నోట నిన్నటి సంగతి పురాణమంత పెద్దదయ్యేది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్లు ఆ మాటలను ఉయ్యాలలో కలుపుకుంటే, ఏటా ఆ తొమ్మిది రోజులూ వర్ధంతులే. వేరే సభ అక్కరలేదు.

ఇలా గుర్తుపెట్టుకునే పని అందరికన్నా ఎక్కువగా చేసింది ఊరూరా తిరిగే కళాకారులు. చిందు భాగోతం వాళ్లు, ఒగ్గు పూజారులు, శారద కథకులు, బుడిగ జంగాలు, మందెచ్చులు, కిన్నెర వాయించే డక్కలివాళ్లు. ఎవరికి ఏ కులం దాత, ఏ ఊళ్లు మిరాశి, ఏ కాలంలో రావాలి అన్నది తరాలుగా కట్టుబాటు. చిందువాళ్లు జాంబపురాణం ఆడాలి. ఒగ్గువాళ్లు మల్లన్న, బీరప్ప కథ చెప్పాలి. వాళ్లు పోయినేడు ఎక్కడ దిగారో, ఎవరింట్లో గింజలు కొలిచారో, ఆ యేడు ఆ ఇంట్లో ఎవరు పోయారో వాళ్లకు తెలుసు. దాత ఇంటి వంశం పేర్లు వరసగా చదివే కథకుడు ఒకవిధంగా ఆ ఇంటి జనన మరణాల పుస్తకం. పోలీసు పటేలు దగ్గరి దఫ్తరులో లేని తాత పేరు అతని నోట్లో ఉండేది.

పాలమూరు మనిషికి పండుగ సాయన్న కథ అలాగే అందింది. ఉన్నవాళ్ల దగ్గర గుంజి లేనివాళ్లకు పంచిన సాయన్నను ఏ సర్కారు గెజిటూ పొగడలేదు. పన్నెండు మెట్ల కిన్నెర పొగిడింది. ఆ కిన్నెరను ఇటీవలి దాకా మోసిన దర్శనం మొగిలయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు అదే గౌరవం దక్కింది. రెండూ ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని వాయిద్యాలే, రెండూ ఒక్కొక్క మనిషి దగ్గర మిగిలాక గుర్తింపు పొందినవే. ఊరు పిలిచి గింజలు కొలిచే కాలంలో ఈ గౌరవం వచ్చి ఉంటే నేర్చుకునే పిల్లలు వెంట ఉండేవారు.

జాతరలు మాత్రం ఇంకా తిథి మాటే వింటున్నాయి. దీపావళి పోగానే కురుమూర్తి కొండ కింద జనం కూడతారు. వడ్డెమాన్‌లో మాదిగలు నిష్ఠతో కుట్టిన స్వామి ఉద్దాలు (పాదుకలు) ఊరేగింపుగా వచ్చేదాకా ఆ ఉత్సవం ఉత్సవం కాదు. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు, సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మాఘమాసానివి. పెద్దగట్టు రెండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజుల్లో హైదరాబాదు, విజయవాడ రహదారి మీది బండ్లను దారి మళ్లించాల్సిందే. గొర్రెల మందలు అమ్మకానికి వచ్చే వేళ, పెళ్లి సంబంధాలు కుదిరే వేళ, పోయిన జాతరకు వచ్చి ఈ జాతరకు లేనివాళ్లను తలుచుకునే వేళ అది. ఒకప్పుడు జాతర పక్కనే టూరింగు టాకీసు, సురభి లాంటి నాటక సమాజాలు, బొమ్మలాటలు. ఇప్పుడు రంగులరాట్నాలు, డీజేలు.

కొన్ని జాతరలకు ఊరే లేకుండా పోయింది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల మొదట్లో, ఆలంపురం, కొల్లాపురం ప్రాంతాల ఊళ్లెన్నో కృష్ణ నీళ్ల కింద పడ్డాయి. జటప్రోలు, సోమశిల ఆలయాలను రాయి రాయి విప్పి ఎత్తైన చోట మళ్లీ కట్టారు. గుడిని తేగలిగారు. గుడి ముందటి చింతచెట్టును, దాని కింద భాగోతం ఆడే జాగాను తేలేకపోయారు. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు ముసలివాళ్లు వచ్చి తమ ఇంటి పునాదులు వెతుక్కున్న సందర్భాలు ఆ తీరం ఊళ్లకు తెలుసు. ఏ నెలలో ఆ ఊరి మైసమ్మకు బోనం ఎత్తేవారో ఆ సంగతి వాళ్లతోనే పోతున్నది.

ఒక తేదీ మాత్రం పల్లె లెక్కకూ పట్నం లెక్కకూ దాదాపు సరిపోయింది. 1951 ఏప్రిల్ 18. శివరాంపల్లి సర్వోదయ సమావేశం ముగించుకొని కాలినడకన వచ్చిన వినోబా భావే పోచంపల్లిలో ఆగారు. నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. ఖర నామ సంవత్సరం చైత్రం, శ్రీరామనవమి వెళ్లి రెండు మూడు రోజులే. పందిళ్లు ఇంకా విప్పని దినాలు కనుక ఆ సంగతి పండుగతో కలిసి నిలిచింది. ఇవాళ ఆ ఊరి పేరు భూదాన్ పోచంపల్లి.

తెలంగాణ సాయుధ పోరాటాన్ని తెర మీద చూపిన 'మాభూమి' 1980 మార్చి 23న విడుదలైంది. 1931లో భగత్‌సింగ్‌ను ఉరితీసిన రోజూ మార్చి 23. బి.నర్సింగరావు నిర్మించి, గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారం. సాయిచంద్‌కు అదే తొలి చిత్రం. నల్లగొండ, పాలమూరు జనం ఆ బొమ్మను సినిమాలా చూడలేదు. తెర మీది గడీ వాళ్లకు తెలిసిన గడీ, వెట్టి వాళ్ల తండ్రులు చేసిన వెట్టి. అప్పటికి గుడారాల కాలం చివరికొచ్చింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. కొన్నాళ్లకు పంచాయతీ ఆఫీసు ముందు టీవీ పెట్టారు, శుక్రవారం చిత్రలహరికి ఊరంతా అక్కడే. తర్వాత ఇంటింటికీ టీవీ. బొమ్మ ఇంటికొచ్చాక బండి కట్టే పని లేదు, ఆ యేడు గుర్తుపెట్టుకునే పనీ లేదు.

పట్వారీలు, పటేండ్ల వ్యవస్థ 1984లో పోయింది. గడీల పీడనతో పెనవేసుకున్న ఆ వ్యవస్థ పోవడం మంచిదే. దానితో పాటు ఫసలీ నెలల పేర్లు నోటికొచ్చినవాళ్లూ తగ్గిపోయారు. బడిలో పిల్లవాణ్ని చేర్పించేటప్పుడు సారు అడిగితే తండ్రి "సంకురాత్రి ముందట పుట్టిండు" అనేవాడు, సారు జూలై 1 అని రాసుకునేవాడు. అలా ఒక తరంలో జూలై 1న పుట్టినవాళ్లు ఊరూరా పదుల కొద్దీ ఉన్నారు. ఇప్పుడు వాళ్ల ఫోన్లకు ఆ రోజు శుభాకాంక్షలు వస్తాయి. అసలు పుట్టిన తిథి చెప్పగల తల్లి లేదు.

ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డిదీ ఈ పాలమూరు నేలే. 1926 మే 10న ఆయన మొదలుపెట్టిన 'గోలకొండ పత్రిక'కు 2026 మే 10తో నూరేళ్లు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన రాజుల పట్టాభిషేకాలను వెతకలేదు. జనం ఏం తిన్నారో, ఏం ఆడారో, ఏ పండుగ ఎలా చేశారో వెతికారు. అందుకు కావ్యాలూ శాసనాలూ గాలించాల్సి వచ్చింది. మనకు అంత కష్టం లేదు. ఆధారాలు ఇంకా ఇంటి అరుగు మీదే కూర్చొని ఉన్నాయి.

ఈ జిల్లాల నుంచి హైదరాబాదుకో, బొంబాయికో, ఇంకా దూరమో పోయి స్థిరపడ్డ పాఠకులకు ఒక విన్నపం. ఈసారి దసరాకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎప్పుడు పుట్టావు తాతా అని అడిగి ఊరుకోకండి, ఏ యేడు గత్తరొచ్చింది, మిలిటరొచ్చినప్పుడు మీరు ఎక్కడున్నరు, మొదటి బొమ్మ ఏ ఊళ్లో చూసిన్రు, మన ఇంటికి ఏ కథల వాళ్లు వచ్చేది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఫోనులో రికార్డు చేయండి. తిథి చెబితే తిథే రాయండి, కార్తె చెబితే కార్తెనే రాయండి. తేదీ తర్వాత పంచాంగం చూసి లెక్క కట్టుకోవచ్చు. ఆ మనిషి పోయాక లెక్క కట్టడానికి ఏమీ మిగలదు.